మూడో మెట్టు మీద సముద్రం

ఐసు యాకోబు పేరు నంద్యాలంతా మోగిపోయేదని చెబితే పచ్చి అబద్ధం అవుతుంది. ఆళ్ళగడ్డలో మాత్రం ఎండాకాలం మూడు నెలలూ అతని పేరు ఎత్తని ఇల్లు ఉండేది కాదు. మొదటి బస్సు ఆలస్యమైతే చాలు, పెళ్ళివాళ్ళూ జ్వరం వాళ్ళూ సోడా తాగేవాళ్ళూ అందరూ కలిసి అతన్ని తిట్టేవాళ్ళు. జూన్‌లో రెండు వానలు పడగానే అందరూ మరిచిపోయేవాళ్ళు. ఐసు అమ్మేవాడికి దొరికే మర్యాద అంతే, దానికి అతను ఎన్నడూ నొచ్చుకోలేదు.

అతను నంద్యాల మనిషి. పొద్దు పొడవకముందే ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడి, నాలుగు గడ్డలు దించుకుని, వడ్ల పొట్టు చల్లి, గోనెపట్టాల్లో చుట్టి బస్సు టాపు మీదికి ఎక్కించేవాడు. దారి పొడుగునా టాపు మీది నించి నీళ్ళు కారి కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ భుజాలు తడిసేవి. శిరివెళ్ళ దాటేదాకా తిట్లు, దాటినాక ఎండ పెరిగి అవే నీళ్ళకు చేతులు చాచేవాళ్ళు. ఆళ్ళగడ్డలో బస్సు ఆగే చోటికి ఎదురుగా గురుస్వామిది సోడా అంగడి. దాని వెనక రేకుల కొట్టు ఒకటి ఉంది, ఐసు అందులోకి చేరేది. సాయంత్రం బస్సుకు యాకోబు తిరిగి నంద్యాల చేరేవాడు. ఇరవై ఏళ్ళు ఇదే పని.

ఆ కొట్టులో నేల నాపరాళ్ళతో పరిచింది. కరిగిన నీళ్ళు బయటికి పోవాలని గడప వైపు వాలుగా వేశారు. వాలు నేల మీద ఐసు గడ్డలు నిలవవు గదా. అందుకని యాకోబు ముందురోజు మిగిలిన చిన్న గడ్డ ఒకటి తీసి గడపకు ఆనించి పెట్టేవాడు. దాన్ని అడ్డుగడ్డ అనేవాడు. కొత్త గడ్డలన్నీ దాని వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. రాయి అడ్డం పెట్టరాదా అని గురుస్వామి ఒకసారి అడిగితే, "రాయి వేడి పట్టుకుంటాది అన్నా. తాకిన చోటల్లా ఐసును తినేస్తాది. గడ్డకు గడ్డ అయితే అంటుకుని నిలుస్తాది" అన్నాడు. అడ్డుగడ్డను ఎంత గిరాకీ ఉన్నా అమ్మకూడదు. అది పూర్తిగా కరగకముందే వెనకాల ఇంకోటి చేర్చాలి. ఇది అతను పెట్టుకున్న చట్టం, ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఇంత జాగ్రత్త మనిషికి నీళ్ళంటే భయమంటే నవ్వు వస్తుంది కాని, నవ్వకండి. అతని భార్య సరోజమ్మ కుందేరు అవతల మడికి కలుపు తీయబోయి, తిరిగి వచ్చేటప్పుడు ఏటిలో పోయింది. పైన ఎక్కడో వాన పడింది, నంద్యాలలో చుక్క లేదు. మోకాటి లోతు ఏరు నడిమికి వచ్చేసరికి మెడదాకా వచ్చిందట. మూడోనాటికి గాని మనిషి దొరకలేదు. అప్పటికి కూతురు అరుణకుమారికి నాలుగేళ్ళు. ఆ తరవాత యాకోబు ఏటి దిక్కు పోవడమే మానేశాడు. "గడ్డగా ఉన్నంతసేపే నీళ్ళతో నాకు పొత్తు. కదిలే నీళ్ళను నేను నమ్మను" అనేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లకు తల దువ్వడం, జడ వేయడం కూడా తనే నేర్చుకున్నాడు. ఆ జడ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉండేదనుకోండి.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు ఎండాకాలంలో అరుణకుమారికి ఉత్తరం వచ్చింది. స్కూలు ఫైనల్ పాసయిన పిల్ల, చర్చి అయ్యగారు కృపావరం గారి సిఫారసుతో బందరులో నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. సీటు ఇచ్చారు. మూడేళ్ళ చదువు. జూన్ ఆఖరుకు చేరాలి, కాగితం మీద తండ్రి సంతకం ఉండాలి. యాకోబు ఆ రోజు సంతోషం పట్టలేక ఆళ్ళగడ్డలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఉత్తరం చూపించాడు. సంతకం ఆదివారం ప్రార్థన అయినాక పెడదామని అనుకున్నాడు. ఆ మధ్యలో వచ్చి పడ్డాడు ఆదినారాయణ సారు.

సారు హైస్కూలులో సైన్సు చెప్పేవాడు. సెలవుల్లో కూడా రోజూ పదకొండు గంటలకు గురుస్వామి అంగడికి వచ్చి, ఐసు వేసిన నిమ్మసోడా తాగుతూ పత్రిక చదివేవాడు. చదివినది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు సోడా అరగదు. ఆ రోజు చిక్కినవాడు యాకోబు.

"యాకోబూ, నీ సరుకు వార్తల్లోకి ఎక్కింది. దక్షిణ ధ్రువంలో పదివేల అడుగుల మందాన ఐసు ఉందంట. వచ్చే నెల నుంచి అన్ని దేశాలవాళ్ళూ పోయి దాన్ని కొలుస్తారంట."

"పదివేల అడుగులా? ఎవరు పోసినారు సార్ అంత?"

"ఎవరు పోస్తారప్పా, పడిన మంచు కరగకుండా పేరుకునింది. ఇంకో సంగతి చెప్తా విను. లక్ష ఏళ్ళ కింద లోకం ఇప్పటికంటే వేడిగా ఉన్నింది. అప్పుడు సముద్రం ఇరవై అడుగులు పైకి వచ్చి నిలిచింది. కొన్ని దేశాల్లో ఒడ్డు కన్నా ఎత్తున రాళ్ళల్లో గవ్వలు దొరుకుతాయి, ఆ కాలం నాటివి."

యాకోబు సోడా బుడ్డి కడుగుతున్నవాడు ఆగాడు. "ఆ నీళ్ళు యాడినుంచి వచ్చినాయి సార్?"

"ఐసులోంచే. ఏ ధ్రువానిదో, ఎంత కరిగిందో, ఎన్నేళ్ళు పట్టిందో ఎవరికీ తెలీదు. ఇప్పుడుండేదంతా కరిగితే రెండొందల అడుగులు లేస్తాదంట."

"బందరు ఎంత ఎత్తున ఉండాది సార్?"

"బందరా? అది సముద్రానికి చాప పరిచినట్టు ఉంటాది. పదడుగులు ఉంటే గొప్ప" అని సారు పత్రిక మడిచి, సోడా పూర్తి చేసి పోయాడు. ఆయనకు అది పొద్దుపోని కబురు. యాకోబు చేత మాత్రం ఆ ఆదివారం సంతకం పడలేదు.

చదువుకున్నవాడైతే పుస్తకం వెతుక్కునేవాడు. యాకోబుకు తెలిసిన శాస్త్రం అంతా ఐసే. మరుసటి రోజు ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, అందులో ఐసు ముక్క వేసి, పొర్లిపోయినంత పోనిచ్చి, అంచుకు సరిగ్గా నీళ్ళు నిలిచినాక గట్టు మీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు. ముక్క కరిగింది. చుక్క పొర్లలేదు. పైన తేలిన ముక్క మాయమైనా నీళ్ళు అంచు దగ్గరే ఉన్నాయి. ఇంకోసారి చేశాడు, అంతే. ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోయి, "సంతకం పెడతా తేమ్మా" అన్నాడు.

కాగితం తేవడానికి అరుణ లోపలికి పోయి వచ్చేలోపల అతనికి ఇంకో ఆలోచన వచ్చింది, ధ్రువం ఐసు కూడా ఇట్లాగే తేలుతుందా అని. "రేపు సారును ఒక మాట అడిగి పెడతాలే" అన్నాడు. అరుణ కాగితాన్ని మళ్ళీ బైబిలులో పెట్టింది.

చెంబు సంగతి విని సారు సంబరపడ్డాడు. "భేష్. ఉత్తర ధ్రువం సంగతి సరిగ్గా అదే. ఆడ ఐసు సముద్రం మీద తేలుతాది. దక్షిణంలో అట్ల కాదు యాకోబూ, రాతినేల మీద కూర్చోనుండాది."

యాకోబు మళ్ళీ చెంబు నింపాడు. ఈసారి నాపరాతి పలక ఒకటి చెంబు మీదికి వాల్చి, పలక మీద ఐసు పెట్టాడు. చెంబు పొర్లింది. గట్టు తడిసి, నీళ్ళు కిందికి కారి గురుస్వామి చెప్పుల్లోకి పోయాయి.

"ఏందప్పా నీ యవ్వారం? అమ్మే ఐసు కరగబెట్టి చూస్తాండావ్" అని గురుస్వామి కసురుకున్నాడు. యాకోబు ఆ మాట వినలేదు. ఒకటే ఐసు, ఒకటే నీళ్ళు, తేలితే ఒక రకం, కూర్చుంటే ఒక రకం. అతనికి తల తిరిగిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో ఇదే రామాయణం. ఒక సాయంత్రం కూతురితో పలక పట్టించి లెక్క వేయించాడు. ఆళ్ళగడ్డలో మే నెలలో పొట్టు లేకుండా నీడలో పెడితే జాన మందం గడ్డ ఒక దినంలో పోతుంది. ఇది అతనికి కంఠతా వచ్చిన సంగతి. పదివేల అడుగులంటే ఎన్ని జానలు? అరుణ గుణించి, భాగించి, "పదమూడు వేల మూడొందల ముప్పై మూడు" అంది. అన్ని దినాలంటే ఎన్నేళ్ళు? "ముప్పయ్యారు ఏళ్ళు, పైన కొన్ని నెలలు."

"సూసినావా" అన్నాడు యాకోబు.

"ఏం సూడాల నాయనా? ముప్పయ్యారేళ్ళు నేను బందరులో ఉంటానా? మూడేళ్ళే గదా."

"ఆఖరి దినం దాకా ఆగి ఒక్కసారి కరుగుతాదా? మొదటి దినం నుంచే నీళ్ళు వస్తాయి గదమ్మా."

పిల్ల పలక పక్కన పెట్టింది. "నీకు పంపడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు నాయనా. మంచు మీద ఎందుకు పెడతావ్?" అంది. ఆ మాట యాకోబుకు సూటిగా తగిలింది. పంపాలనే ఉంది అతనికి. తన కూతురు తెల్ల చీర కట్టుకుని, జబ్బుపడినవాళ్ళ నుదుటి మీద చేయి వేయడం అతను పగటిపూటే కలగనేవాడు. పంపితే సరోజమ్మ పోయినట్టు పోతుందేమో అనే భయం కూడా నిజమే. రెండూ ఒక మనిషి కడుపులోనే ఉన్నాయి, ఏది గట్టిదో అతనికే తెలియడం లేదు.

కృపావరం అయ్యగారి దగ్గరికి పోయాడు. అయ్యగారు ఓపికగా విని, నోవహు కథ గుర్తు చేసి, "ఇక జలప్రళయంతో భూమినంతా ముంచనని దేవుడు మాట ఇచ్చినాడు యాకోబూ. ఇంద్రధనుస్సు దానికి గుర్తు. నీకెందుకు దిగులు?" అన్నాడు.

యాకోబు తల గోక్కుని, "భూమినంతా అన్నాడు గాని అయ్యా, బందరు మాట ఎత్తలేదు గదా" అన్నాడు. అయ్యగారు నోరు తెరిచి, మళ్ళీ మూసి, ప్రార్థన చేసుకుందాం పద అన్నాడు.

ముప్పయ్యారేళ్ళ లెక్క చూపిస్తే ఆదినారాయణ సారు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఆళ్ళగడ్డ ఎండను తీసుకపోయి ధ్రువం మీద పెడితివి గదప్పా. ఆడ ఎండాకాలంలో కూడా నీళ్ళు గడ్డ కడతాయి."

"మరి లక్ష ఏళ్ళ కింద ఎట్ల కరిగింది సార్?"

సారు నవ్వు ఆపాడు. "అదే గదా. ఇంకో చిక్కు కూడా ఉంది. గాలి కొంచెం వేడెక్కితే అందులో తడి ఎక్కువైతాది, అప్పుడు ఆడ మంచు ఇంకా ఎక్కువ పడతాదని కొందరంటారు."

"వేడెక్కితే ఐసు పెరుగుతాదా?"

"పెరగొచ్చు. పైన పెరిగి, అంచుల్లో తరగొచ్చు."

యాకోబు గట్టు మీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళు ఐసు మోసిన మనిషికి వేడి తగిలితే ఐసు పెరుగుతుందని చెబితే ఎట్లా ఉంటుంది చెప్పండి. అంతవరకు తెలిసినదనుకున్నది కూడా చేయి జారిపోయింది. చివరికి దండం పెట్టినంత పని చేసి, "సార్, నాకు లక్ష ఏళ్ళు వద్దు. ఈ మూడేళ్ళలో వస్తాదా రాదా? ఒక్క మాట చెప్పండి" అన్నాడు.

"రాదు" అన్నాడు సారు. "అంతమటుకు చెప్పగలను. కరగడం నిదానంగా జరిగే పని, అది నాకంటే నీకే బాగా తెలుసు."

జూన్ ఇరవై ఏడున సంతకం పడింది. ఇరవై ఎనిమిదిన నంద్యాల స్టేషనులో అరుణకుమారి రేకు పెట్టెతో బెజవాడ బండి ఎక్కింది. బండి కదిలేటప్పుడు యాకోబు కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచి, "మేడ మీద మంచం అడుగమ్మా. కింద వద్దు" అన్నాడు. పిల్ల ఏడుస్తూ నవ్వింది.

ఆమె పోయిన వారానికి జరిగింది అసలు సంగతి. ఆ ఏడు వానలు వెనకపట్టాయి, జూలైలో కూడా ఎండ మండిపోతోంది. యాకోబు కొట్టు గడప మీద కూర్చుని, ఇప్పుడు ఏం చేస్తుంటుందో, తిన్నదో లేదో అనుకుంటూ ఉన్నాడు. బాలమ్మ అనే ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. బిడ్డకు జ్వరంతో మాడు పేలిపోతోంది, ఐసు ముక్క కావాలంది. వెనక గడ్డలన్నీ పెద్దవి, పట్టా విప్పి రంపం పెట్టి కోయాలి. మనసు బందరులో ఉంది. చేతి దగ్గర ఉన్న అడ్డుగడ్డ ఎత్తి ఆమె కొంగులో వేశాడు. ఇంకోటి పెడదామనే లేచాడు. లేచి అటు తిరిగేలోపలే వెనకనున్న నాలుగు గడ్డలూ కదిలాయి. అవి పగలలేదు, కరగలేదు. వాటి అడుగున నీళ్ళు చేరి ఉన్నాయి, ముందర అడ్డం లేదు, అంతే. అన్నీ ఒక్కసారి జారి గడపను కొట్టుకున్నాయి. యాకోబు ఎడమ పాదం గడపకూ గడ్డకూ మధ్యలో ఉంది.

గురుస్వామి, ఇంకో ఇద్దరు కలిసి బస్సులో పడుకోబెట్టి నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు. మూడు వేళ్ళు తీసేశారు. పాదం ఎముక అతికింది గాని వంకరగా అతికింది, చేతికర్ర లేనిదే నడక సాగేది కాదు.

మంచం మీద పడుకున్న యాకోబుకు కాలి నొప్పి కంటే ఇంకో సంగతి ఎక్కువగా సలిపింది. సారు కరగడం నిదానం అన్నాడు. నిజమే. కాని ఐసు పోవాలంటే కరగనక్కరలేదు. నాలుగు గడ్డలు పొద్దున నుంచి కదలకుండా కూర్చున్నాయి, ముందున్న చిన్న ముక్క తీసిన క్షణంలో నీళ్ళ దిక్కు జారాయి. అక్కడ కూడా రాతి మీద కూర్చున్న పెద్ద ఐసుకు ముందర అంచులో అడ్డుగడ్డ లాంటిది ఉంటే? లక్ష ఏళ్ళ కింద అది పోయి ఉంటే? సారు చూడడానికి వచ్చినప్పుడు అడిగేశాడు.

ఆదినారాయణ సారు మంచం పట్టె మీద కూర్చున్నాడు. తన కబురు వల్లనే ఇంత జరిగిందేమో అన్న నొప్పి ఆయన ముఖంలో కనబడుతూనే ఉంది. "తెలీదు యాకోబూ" అన్నాడు. "నేను చదివిన పుస్తకాల్లో ఈ మాట లేదు. కావచ్చు. కాకపోవచ్చు. నాకు తెలీదు."

ఇప్పుడు చూడండి అతని చిక్కు. కూతురిని వెంటనే వచ్చేయమని రాయాలి. ఎందుకని రాయాలి? ఐసు జారుతుందని తెలిసింది అని రాస్తే, ఎట్లా తెలిసిందని అడుగుతుంది. పాదం సంగతి చెప్పాలి. పాదం సంగతి తెలిస్తే సముద్రం మాట అటుంచి, తండ్రికి చేయడానికి చదువు వదిలి వచ్చేస్తుంది. జన్మలో మళ్ళీ పోదు. రాస్తే చదువు పోతుంది, రాయకపోతే పిల్ల పోతుందేమో. కార్డు రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ చించాడు. మూడోసారి ఇట్లా రాశాడు: "నేను క్షేమం. ఐసు యాపారం బాగుంది. నువ్వు సముద్రం కాడికి పోయి, నీళ్ళు యాడిదాకా ఉండాయో గుర్తు పెట్టుకొని, నెలనెలా తప్పకుండా రాయి. మరిచిపోవద్దు."

అయ్యగారితో, గురుస్వామితో, సారుతో కూడా పాదం మాట ఆమెకు రాయకూడదని ప్రమాణం చేయించుకున్నాడు. అయ్యగారికి అది సుతరామూ ఇష్టం లేదు, అయినా ఒప్పుకున్నాడు.

కూతురి నుంచి జవాబు వచ్చింది. "నాయనా, ఇక్కడ రేవు దగ్గర రాతిమెట్లు ఉన్నాయి. నీళ్ళు మూడో మెట్టు దాకా ఉన్నాయి. భయపడవద్దు." తరవాతి నెల, "మూడో మెట్టు మీదనే ఉన్నాయి." ఆ తరవాతి నెల కూడా అంతే. యాకోబు ఆ కార్డులన్నీ దారంతో కట్టి దిండు కింద పెట్టుకునేవాడు. కార్డు రెండు రోజులు ఆలస్యమైతే తిండి సయించేది కాదు. వచ్చిన రోజున మాత్రం గురుస్వామి అంగడిలో అందరికీ చెప్పేవాడు, మూడో మెట్టే అని. గడ్డలు మోయడం అతనికి ఇక చేతకాలేదు. గురుస్వామి మంచివాడు, కూర్చుని సోడా బుడ్లు నింపే పని ఇచ్చాడు. మొదటి ఏడు సెలవులకు వస్తానని అరుణ రాస్తే, ఊర్లో మశూచి తిరుగుతోంది రావద్దని రాశాడు. రెండో ఏడు ఆమెకే వార్డు డ్యూటీ పడింది. అట్లా మూడేళ్ళు గడిచాయి.

పంతొమ్మిదొందల అరవై జూలై మొదటి వారం అరుణకుమారి చదువు ముగించుకుని వచ్చింది. ఆళ్ళగడ్డ డిస్పెన్సరీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. యాకోబు బండి రావడానికి గంట ముందే నంద్యాల స్టేషనుకు పోయి, బెంచీ మీద కాళ్ళు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. నడవడం ఆమె కంట పడకూడదని అతని ఎత్తు. నర్సు కూతురి ముందు ఈ ఎత్తు ఎంతసేపు సాగుతుంది లెండి. ఆమె వచ్చి పక్కన కూర్చుంది, అతని ముఖం చూసింది, చెప్పుల దిక్కు చూసింది. ఎడమ చెప్పులో ముందర గుడ్డపీలిక కుక్కి ఉంది. ప్లాట్‌ఫారం మీదనే మోకాళ్ళ మీద కూర్చుని చెప్పు తీసింది.

పోర్టర్లు, దిగినవాళ్ళు తప్పుకుని పోతున్నారు. ఆమె ఎముక మీద బొటనవేలితో ఒత్తి చూసి, తల ఎత్తకుండానే, "ఇదెప్పుడు జరిగింది?" అంది.

"నువ్వు పోయిన వారానికి."

"మూడేళ్ళు. ఒక్క కార్డులో రాయలేదు నాయనా నువ్వు."

"రాస్తే వచ్చేసేదానివి."

అరుణ పాదం వదలలేదు. ఏడుస్తోంది, అతని కాలి మీద చుక్కలు పడుతున్నాయి. కాసేపటికి, "నేనూ ఒకటి చెప్పాల" అంది. "రేవు కాడ మెట్లు లేవు. ఉండాయో లేవో నాకు తెలీదు. ఆసుపత్రి నుంచి సముద్రం నాలుగు మైళ్ళు, మమ్మల్ని గేటు దాటనియ్యరు. ఏమీ రాయకపోతే నువ్వు నన్ను వెనక్కి పిలిపిస్తావని, ఊరికే మూడో మెట్టని రాసినా."

యాకోబుకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక కోపం వచ్చింది, నిజమైన కోపం. "అంతా అబద్ధమా? ఆ మూడో మెట్టును నమ్ముకొని మూడేళ్ళు నిద్రపోయినా గదమ్మా నేను."

"నువ్వు క్షేమమని రాసింది నమ్ముకొని నేనూ నిద్రపోయినా."

బండి కూత వేసి గుంతకల్లు దిక్కు పోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. కోపం అట్లాగే ఉంది, దాని పక్కనే పిల్ల క్షేమంగా కళ్ళ ముందర ఉందన్న సంతోషం కూడా ఉంది. ఏది బయటపెట్టాలో తెలియక చేతికర్రతో నేల గీస్తూ కూర్చున్నాడు.

"అయితే సముద్రం సూడనే లేదా నువ్వు?" అన్నాడు కాసేపటికి.

"ఒక్కసారి సూసినా. పరీక్షలైనాక మా అందర్నీ తీసకపోయినారు. పొద్దున ఒక మొద్దు కాడ ఉన్నాయి నీళ్ళు. మజ్జాన్నానికి అది మునిగిపోయింది. సాయంత్రం మళ్ళీ తేలింది. ఆడ వల వేసే ఆయన్ని అడిగితే, దినానికి రెండుసార్లు వస్తాయి, రెండుసార్లు పోతాయి, ఎప్పుడూ ఇంతే అన్నాడు."

యాకోబు చేతికర్ర ఆగిపోయింది. "దినానికి రెండుసార్లా? మరి దాన్ని ఎట్ల కొలుస్తారు? పెరిగిందో తగ్గిందో ఎట్ల తెలుస్తాది?"

"ఏమో నాయనా."

"నేను చెప్పింది అబద్ధం. నువ్వు రాసింది అబద్ధం. అయ్యగారు కూడా నా కోసం నోరు మూసుకున్నాడు. సముద్రం చూస్తే ఒక చోట నిలవదు." అతను కూతురి ముఖంలోకి చూశాడు. "ఇంగ ఈ మూడేళ్ళలో నాకు నిజం చెప్పిందెవరమ్మా?"

అరుణ ముక్కు తుడుచుకుని, గుడ్డపీలిక సర్దిపెట్టి చెప్పు తొడిగింది. "ఆదినారాయణ సారు" అంది. "ఆ జారుడు సంగతి నువ్వు అడిగితే ఏమన్నాడో చెప్పు."

"తెలీదన్నాడు."

"అదే."

యాకోబు ఆ మాట నోట్లోనే ఇంకోసారి అనుకున్నాడు. తరవాత చేతికర్ర బెంచీకి ఆనించి, కూతురి భుజం మీద చేయి వేసి లేచాడు. మూడేళ్ళలో మొదటిసారి ఎవరైనా చూస్తున్నారా అని పట్టించుకోకుండా కుంటుకుంటూ గేటు దిక్కు నడిచాడు. రేకు పెట్టె ఆమె ఇంకో చేత్తో పట్టుకుంది.